అవతలి గొంతు

ఆ వానాకాలం మొదలైన వారంలోనే మా అత్తయ్య వాళ్ళింటి మెట్ల మీద జారి కుడికాలి చీలమండ విరగ్గొట్టుకుంది. సరిగ్గా అదే వారంలో నాకు రేడియోలో సొంతంగా ఒక కార్యక్రమం దొరికింది. ఈ రెండిటికీ ఏ సంబంధమూ లేదనుకున్నాను అప్పుడు.

తొమ్మిదేళ్ళుగా నేను ఆ స్టేషన్లో వాతావరణం, రైళ్ళ రాకపోకలు, తప్పిపోయినవాళ్ళ ప్రకటనలు చదివేదాన్ని. 'ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు, ఎడమ కనుబొమ మీద మచ్చ' అని చదివీ చదివీ, బస్సులో కనిపించిన ప్రతివాడి కనుబొమలూ వెతకడం అలవాటైపోయింది. పుస్తకాలంటే పిచ్చి. రాసినవాళ్ళని ఎదురుగా కూచోబెట్టుకుని అడగాలని ఎన్నేళ్ళ కోరికో. ఏటా ఒక అర్జీ పెట్టేదాన్ని. ఏటా అది సొరుగులోకి పోయేది.

మా స్టేషన్ పెద్దాయన్ని వెనకాల అందరం గడియారం గారు అనేవాళ్ళం. ఎవరితో మాట్లాడుతున్నా ఆయన చూపు ఎదుటివాళ్ళ నెత్తి మీదుగా గోడ గడియారం మీదే ఉండేది. ఆ రోజు కూడా దాన్నే చూస్తూ చెప్పాడు.

"పదమూడు వారాలు. శుక్రవారం సాయంత్రం ఆరింటికి అరగంట. రచయితల్నీ నాటకాలు వేయించేవాళ్ళనీ పిలువు, వాళ్ళ పని గురించి మాట్లాడించు. వినేవాళ్ళున్నారని తేలితే సరే. లేదంటే ఆ అరగంట సినిమా పాటలకి ఇచ్చేస్తాను."

గాల్లో తేలుతూ ఇంటికెళ్ళేసరికి, మా ముందుగదిలో సోఫా మీద అత్తయ్య ఉంది. కాలికి మోకాలి దాకా కట్టు, కింద రెండు దిండ్లు, పక్కన ట్రాన్సిస్టర్.

నా పెళ్ళినాటి నుంచి అత్తయ్యకీ నాకూ అప్పటికి ఏడేళ్ళ పరిచయం. పరిచయం అనే అనాలి. మావయ్య పోయాక ఆవిడ ఊరికి అటు చివర రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉండేది. నెలకోసారి మేం వెళ్ళేవాళ్ళం. 'బాగున్నారా అత్తయ్యా', 'బాగున్నానమ్మాయ్, నువ్వు బాగున్నావా', అంతే. తగాదా లేదు, మాటా లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రెండేళ్ళ కిందటే రిటైరయింది. చెవులకి హెడ్‌ఫోను పెట్టుకుని, ఈ తీగ తీసి ఆ కన్నంలో గుచ్చి, ఎవరెవరినో ఎవరెవరితోనో కలిపిన మనిషి. మాతో మాత్రం తనంత తానుగా మాట కలిపేది కాదు.

మొదటి శుక్రవారం ముగ్గురం రేడియో చుట్టూ కూచున్నాం. మొదటి అతిథి మంచి కథకుడు. నేను వారం రోజులు రాత్రింబవళ్ళు చదివి, పన్నెండు పేజీల ప్రశ్నలు రాసుకుని వెళ్ళి, ముందే రికార్డు చేసి వచ్చాను. అరగంటా అయ్యింది. మా ఆయన చప్పట్లు కొట్టి "అదరగొట్టావ్" అన్నాడు. ఆయనకి కళ్ళద్దాల దుకాణం. ఏది చూపించినా 'బాగా కనిపిస్తోంది' అనడం ఆ వృత్తిలో అలవాటు.

అత్తయ్య ట్రాన్సిస్టర్ కట్టేసి టీ అడిగింది.

మర్నాడు పొద్దున ఉండబట్టలేక నేనే కదిపాను. "ఎలా ఉందత్తయ్యా?"

"నీ గొంతు బాగుంది." టీ కప్పు కింద పెట్టి అంది, "ఎక్కువగా ఉంది."

"అంటే?"

"అరగంటలో ఆయన మాట్లాడింది పదకొండు నిమిషాలు. మిగతాదంతా నువ్వే. నీ మొదటి ప్రశ్నలో ఆయన పుట్టుక నుంచి మొన్నటి పుస్తకం దాకా అన్నీ నువ్వే చెప్పేశావు. పాపం, ఆయనకి చెప్పడానికి ఏం మిగిలింది? 'అవునండీ' అన్నాడు."

ముఖాన చన్నీళ్ళు కొట్టినట్టయింది. కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. ఫోన్లు కలిపే ఆవిడకి సాహిత్యం ఏం తెలుసు అనుకున్నాను. పైకి అనలేదుగానీ, గిన్నెల చప్పుడుకి ఆవిడకి వినబడే ఉంటుంది.

రెండో వారం, మూడో వారం అలాగే చేశాను. ఇంకాస్త పట్టుదలగా, ఇంకాస్త పొడుగు ప్రశ్నలతో. నాలుగో వారానికి స్టేషనుకి వచ్చిన ఉత్తరాలు రెండు. ఒకటి ప్రసారం సరిగ్గా వినబడడం లేదని. రెండోది మా పిన్ని రాసింది.

గడియారం గారు వరండాలో ఎదురై, "పాటల లైబ్రరీ వాళ్ళతో మాట్లాడి ఉంచమంటావా?" అన్నాడు.

ఆ సాయంత్రం ఆఫీసు టేప్‌రికార్డరు మోసుకుని వానలో తడుస్తూ ఇంటికొచ్చాను. చీర కొంగు పిండుకుంటూనే అత్తయ్య ముందు దాన్ని పెట్టాను.

"ఎక్కడ తప్పు చేస్తున్నానో చూపించండి" అన్నాను. 

అత్తయ్య నన్ను ఎగాదిగా చూసింది. "ముందు తల తుడుచుకో" అంది. తుడుచుకుని వచ్చేసరికి, వినడానికి సిద్ధంగా కళ్ళు మూసుకుని ఉంది. టేపు తిరుగుతోంది. రెండు నిమిషాలయ్యాక చెయ్యెత్తింది.

"ఆపు. వెనక్కి తిప్పు. ఇక్కడ."

టేపులో నాటకాలు రాసే ఒక పెద్దాయన, 'మొదటి ప్రదర్శనకి పదిహేడు మందే వచ్చారండీ' అంటున్నాడు. ఆ వెంటనే నా గొంతు, 'అయినా మీరు నిరుత్సాహపడకుండా' అంటూ వచ్చి పడింది.

"విన్నావా? పదిహేడు మందే వచ్చారు అన్నాక ఆయన ఊపిరి తీసుకున్నాడు. లోపలికి, గట్టిగా. మాట అయిపోయినవాడు ఊపిరి వదుల్తాడు. ఉన్నవాడు తీసుకుంటాడు. ఆయన దగ్గర ఇంకా ఉంది. నువ్వు తొక్కేశావు."

మళ్ళీ తిప్పాను. నిజమే. నా మాటకి ముందు చిన్న గాలి చప్పుడు. వందసార్లు విన్న టేపు అది, నాకు ఎప్పుడూ వినబడలేదు.

"ఎక్స్ఛేంజీలో మాకు మనిషి కనబడడు కదమ్మాయ్" అంది అత్తయ్య. ఆ ఏడేళ్ళలో ఆవిడ నాతో అంతసేపు మాట్లాడడం అదే మొదలు. "ఆస్పత్రికి ఫోన్ చేసేవాడు నంబరు మర్చిపోతాడు. చావు కబురు చెప్పాల్సినవాడు తప్పు నంబరు ఇస్తాడు, కావాలనే. తొందరపెట్టామా, ఫోను పెట్టేస్తాడు. ఒక్క నాలుగు క్షణాలు ఊరుకున్నామా, అసలు నంబరు చెప్తాడు. మా పనల్లా ఆ నాలుగు క్షణాలు ఊరుకోవడమే."

"నాకు చేతకాదేమో అత్తయ్యా. రేడియోలో నిశ్శబ్దం అంటే మాకు భయం."

"నేర్చుకో. మీ ఆయన రానీ, వాడి మీద చూద్దాం."

ఎనిమిదింటికి మా ఆయన వచ్చి, గొడుగు మూలన పెట్టి, భోజనానికి కూచున్నాడు. నేను అడిగాను, "ఏమండీ, ఇవాళ దుకాణంలో ఏం జరిగింది?"

"ఏముంటుంది. మామూలే."

రోజూ అయితే నేను అక్కడితో ఆపి నా ఆఫీసు సంగతి ఎత్తుకునేదాన్ని. ఆ పూట ఊరుకున్నాను. సోఫాలోంచి అత్తయ్య నా వైపు వేలు చూపించి, 'ఉండు' అన్నట్టు కళ్ళతోనే చెప్పింది. మా ఆయన ఒక ముద్ద తిన్నాడు. నన్ను చూశాడు. వాళ్ళమ్మని చూశాడు. "ఏంటి అలా చూస్తున్నారు?" అన్నాడు. ఇద్దరం పలకలేదు. ఇంకో ముద్ద తిన్నాడు. నీళ్ళు తాగాడు. తర్వాత ఊపిరి తీసుకున్నాడు, లోపలికి.

"ఒక ముసలావిడ వచ్చింది" అన్నాడు. "డెబ్భై ఏళ్ళుంటాయి, జన్మలో కళ్ళద్దాలు పెట్టుకోలేదట. పెట్టాను. అందరూ అద్దంలో ముఖం చూసుకుంటారు కదా, ఆవిడ తన చేతులు చూసుకుంది. అటు తిప్పి, ఇటు తిప్పి. 'ఇవి మా అమ్మ చేతులు కదా' అంది. ఆవిడ వెళ్ళిపోయాక కాసేపు షట్టరు సగం దించుకుని కూచున్నాను."

కూర చల్లారిపోయింది. ఆయన ఇంకా చెప్తూనే ఉన్నాడు. దుకాణం పెట్టిన కొత్తలో సంగతులు, తిరిగి రాని మనుషుల సంగతులు. ఏడేళ్ళు కాపురం చేసిన మనిషి దగ్గర ఇన్ని మాటలున్నాయని నాకు తెలీదు. ఇంకో పక్క అత్తయ్య, పరీక్ష పాసైన పిల్లని చూసినట్టు నన్ను చూస్తోంది.

అయిదో వారం అతిథి నవలాకారుడు. పెద్ద పేరు, అంతకన్నా పెద్ద కోపం. వస్తూనే కుర్చీ ఎత్తు బాగాలేదన్నాడు, టీలో పంచదార ఎక్కువైందన్నాడు, "ఎంతసేపు?" అని మూడుసార్లు అడిగాడు. అద్దానికి అటువైపు మా రికార్డింగ్ ఇంజనీరు కూచున్నాడు. ఆయన్ని అందరం కత్తెర అంటాం. దగ్గులూ, గుటకలూ, 'అంటే', 'అదేంటంటే'లూ కత్తిరించి మనుషుల్ని బాగుచేసేది ఆయనే.

పన్నెండు పేజీలు ఇంట్లో వదిలేసి వచ్చాను. నా చేతిలో ఒక చిన్న చీటీ, దాని మీద నాలుగు ప్రశ్నలు.

మొదటి రెండిటికీ ఆయన అన్ని సభల్లోనూ చెప్పే జవాబులే చెప్పాడు. మూడోది అడిగాను. "మీ నవల చివర కొడుకు వచ్చి తలుపు కొడతాడు. తల్లి లోపలే ఉంది. తలుపు ఎందుకు తీయదు?"

"అది పాఠకులకే వదిలేశాను" అన్నాడు, వాచీ చూసుకుంటూ.

నేనేమీ అనలేదు.

ఆయన తలెత్తాడు. నేను ఆయన్నే చూస్తున్నాను. అద్దం అవతల కత్తెర రెండు చేతులూ ఊపుతున్నాడు, మాట్లాడు మాట్లాడు అని. ముళ్ళ మీద కూచున్నట్టుంది. నాలుక కొరుక్కుని ఊరుకున్నాను. అప్పుడు ఆయన ఊపిరి తీసుకున్నాడు. నాకు వినబడింది.

"నిజం చెప్పాలంటే, మూడుసార్లు ఆవిడ చేత తీయించానండీ" అన్నాడు. గొంతు మారిపోయింది, తగ్గిపోయింది. "మూడుసార్లు రాసి కొట్టేశాను. మా అమ్మ తీయలేదు. నేను ఇంట్లోంచి పోట్లాడి వెళ్ళిపోయి ఏడాదికి తిరిగొచ్చాను. తలుపు కొట్టాను. లోపల దీపం ఉంది. తీయలేదు. అంత కోపం పెట్టుకుందని వెళ్ళిపోయాను. మళ్ళీ చూడనేలేదు ఆవిణ్ణి. ఆ కోపం మీదే ఈ నవల మొత్తం రాశాను." ఆగాడు. నేనూ ఆగాను. "పుస్తకం అచ్చయ్యాక మా చెల్లెలు చదివి ఫోన్ చేసింది. 'కోపం కాదన్నయ్యా, మోకాళ్ళు. అప్పటికి అమ్మకి లేవడానికే పావుగంట పట్టేది. తలుపు తీసేసరికి నువ్వు లేవు' అంది."

ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. "నాలుగు వందల పేజీలండీ! మోకాళ్ళ నొప్పి మీద!" అన్నాడు. అది నవ్వో ఏడుపో నాకు ఈ రోజుకీ తెలీదు. నేనూ అదే చేస్తున్నాను. వెళ్ళేటప్పుడు ఆ పంచదార ఎక్కువైన టీయే ఇంకో కప్పు తాగి, ఆ నాలుగో ప్రశ్న ఏమిటని అడిగి, దానికి గుమ్మంలో నిలబడి జవాబు చెప్పి వెళ్ళాడు.

కత్తెర టేపు కొలిచాడు. "ఆయన 'వదిలేశాను' అన్న దగ్గర్నుంచి 'నిజం చెప్పాలంటే' దాకా పదకొండు సెకన్లు. తీసేస్తాను."

"తీయకండి" అన్నాను.

గడియారం గారి దాకా వెళ్ళింది సంగతి. "పదకొండు సెకన్లు! రేడియో చెడిపోయిందనుకుంటారు జనం!" అని ఆయన బల్ల మీద కొట్టాడు. ఆ స్టేషన్లో తొమ్మిదేళ్ళుగా పెద్దాయనకి ఎదురు చెప్పి ఎరగను. "అది తీస్తే ఆయన మనసు ఎక్కడ మారిందో ఎవరికీ తెలీదు సార్. ఆ పదకొండు సెకన్లు ఉంటేనే ఆయన మాట్లాడినట్టు" అన్నాను. ఆయన మొదటిసారి గడియారం మీంచి చూపు తీసి నన్ను చూశాడు. "ఉత్తరాలు రాకపోతే పాటలే" అన్నాడు.

తర్వాతి వారం అరవై నాలుగు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు. 'రేడియో ఆగిపోయిందనుకుని లేచి దాని దగ్గరికి వెళ్ళాను. అందువల్ల ఆయన మాటలు దగ్గరగా నిలబడి విన్నాను.' అత్తయ్య ఆ ఉత్తరం అడిగి తీసుకుని, రెండుసార్లు చదివి, దిండు కింద పెట్టుకుంది.

ఎనిమిదో వారానికి అత్తయ్య కట్టు విప్పేశారు. చేతికర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతోంది. ఇంటికి వెళ్ళిపోతానని రోజూ అంటోంది. వాన తగ్గనీ అని రోజూ నేను అంటున్నాను. వాన తగ్గకపోతే బాగుండునని నాకు లోపల. ఆ వారం అతిథి ఒక నాటక దర్శకురాలు. యాభై ఏళ్ళ మనిషి, పొట్టి జుట్టు, పెద్ద గొంతు. కుర్చీలో కుదురుగా కూచోలేదు. రికార్డింగ్ మధ్యలో ఆవిడే నన్ను అడిగింది.

"ఇంతమంది ఇంటర్వ్యూ చేశారు నన్ను. ఎవరూ నన్ను మాట పూర్తి చెయ్యనివ్వలేదు. ఈ ఊరుకోవడం మీకెవరు నేర్పారు?"

"మా అత్తయ్య."

"ఆవిడ నటేనా?"

"కాదండీ. టెలిఫోన్ ఆపరేటరు."

ఆవిడ మైకు సంగతి మర్చిపోయి లేచి నిలబడింది. "ఎక్కడున్నారు ఆవిడ?"

టేపు ఆగీ ఆగకముందే నాతో బస్సెక్కి మా ఇంటికొచ్చేసింది. విషయమేమిటంటే, ఆవిడ చేస్తున్న నాటకంలో రంగం మీద ఒకే ఒక్క మనిషి. ఒక అమ్మాయి, తప్పిపోయిన తమ్ముడి కోసం ఊరూరికీ ఫోన్లు చేస్తుంటుంది. అవతల ఒక ఆపరేటరు, కనబడదు, గొంతు మాత్రమే. గంటన్నర వాళ్ళిద్దరి మధ్యే నాటకం. మూడు వారాల్లో ప్రదర్శన, ఇంకా అతకడం లేదు.

"రెండు రోజులు రిహార్సల్స్‌కి వచ్చి చూడండమ్మా. ఎక్కడ తప్పుందో చెప్పండి."

"నేను నాటకాలు చూడను" అంది అత్తయ్య. "అరుస్తారు."

డైరెక్టరమ్మ పకపకా నవ్వింది. "అరవకుండా చేయించడానికే రమ్మంటున్నా."

ఒక్కసారి చూసి వస్తానని అత్తయ్య చివరికి ఒప్పుకుంది, తోడుగా నాకూ వెళ్ళక తప్పలేదు. పాత గోడౌన్ అది. పైన రేకుల మీద వాన మోత. మధ్యలో బల్ల, కుర్చీ, ఫోను. నటి పాతికేళ్ళ పిల్ల, చక్కగా చేస్తోంది. ఆపరేటరు మాటలు టేపులోంచి వస్తున్నాయి, ఎవరో పేరున్న గొంతు. అత్తయ్య పావుగంట చూసి కర్రతో నేల మీద తట్టింది.

"ఈ అమ్మాయి ఎవరితో మాట్లాడుతోంది?"

"టేపుతోనండీ" అంది డైరెక్టరమ్మ.

"అదీ సంగతి. టేపు ఊపిరి తీసుకోదు. ఈ పిల్ల ఏడ్చినా అది అప్పుడే మాట్లాడుతుంది, నవ్వినా అప్పుడే మాట్లాడుతుంది. అవతల మనిషి లేదని ఈ పిల్లకి తెలుసు. ఇంక ఎవరికి చెప్పుకుంటుంది పాపం?"

డైరెక్టరమ్మ తన చేతిలో ఉన్న కాగితాలు అత్తయ్య చేతిలో పెట్టి, నల్ల తెర వెనక ఉన్న మైకు చూపించింది.

"నాకు నటించడం రాదు" అంది అత్తయ్య.

"నటించమని ఎవరన్నారు? లైను కలపండి."

అత్తయ్య తెర వెనక్కి వెళ్ళింది. కుర్చీ చప్పుడైంది. నటి ఫోను ఎత్తింది. కాసేపు ఏమీ లేదు, రేకుల మీద వాన తప్ప. తర్వాత ఒక గొంతు వచ్చింది. రెండు నెలలుగా మా ఇంట్లో టీ అడిగిన గొంతు కాదు అది. మెత్తగా, తొందరలేకుండా, చెవి పక్కనే ఉన్నట్టు. "చెప్పండి. నేను లైన్లోనే ఉన్నాను."

నటి మొదటి మాట తడబడింది. మళ్ళీ అంది. మూడో నిమిషంలో తమ్ముడి ఆనవాళ్ళు చెప్తూ చెప్తూ ఆగిపోయింది. అది రాసినదో మరిచిపోయినదో నాకు తెలీలేదు. అత్తయ్య కూడా ఆగింది. ఆ పిల్ల ఫోనుని రెండు చేతులతో పట్టుకుని, కాగితంలో లేని మాట అంది, "ఉన్నారా?" అని. "ఉన్నానమ్మా" అంది అత్తయ్య, అదీ కాగితంలో లేదు.

డైరెక్టరమ్మ తను తప్పులు రాసుకునే పుస్తకం మూసి కుర్చీ కింద పెట్టేసింది.

"రేపు పదింటికి రండి" అంది, అంతా అయ్యాక.

అలా అత్తయ్యకి రోజూ పదింటికి పని. కర్ర పట్టుకుని బస్సెక్కేది. సాయంత్రం వచ్చి, సోఫాలో కాళ్ళు చాపుకుని, డైరెక్టరమ్మకీ తనకీ జరిగిన వాదాలు పూసగుచ్చినట్టు చెప్పేది. 'దయచేసి అనే మాట తీసేయమన్నాను, ఏ ఆపరేటరూ అనదు' అని ఒక రోజు, 'ఫోను పెట్టేయండమ్మా అని రాశారు, పెట్టేయమని మేం చెప్పం, వాళ్ళే పెట్టేస్తారు' అని ఒక రోజు. అవి వింటూ కూచుంటే నా వంట మాడిపోయేది. మా ఆయన మాత్రం బిక్కచచ్చిపోయాడు. "అమ్మా, నీ కాలు" అనేవాడు. "కాలితో మాట్లాడనురా" అనేది ఆవిడ.

ప్రదర్శన రోజు మేం మూడో వరసలో కూచున్నాం. రెండు వందల కుర్చీలూ నిండాయి. అత్తయ్య తెర పక్కన ఎక్కడో చీకట్లో ఉంది, మాకు కనబడదు. దీపాలు తగ్గాయి. "చెప్పండి. నేను లైన్లోనే ఉన్నాను" అన్న మాట వినబడగానే మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. గంటన్నరసేపూ వదల్లేదు. నా వేళ్ళు తిమ్మిరెక్కాయి.

జనం లేచి నిలబడి కొడుతున్న చప్పట్ల మధ్య ఆయన నా చెవిలో చెప్పాడు.

"చిన్నప్పుడు స్కూలు నుంచి వచ్చి పక్కింటివాళ్ళ ఫోనులోంచి ఎక్స్ఛేంజీకి చేసేవాణ్ణి. డ్యూటీలో సొంత మాటలు మాట్లాడకూడదు. పట్టుకుంటే ఉద్యోగం పోతుంది. నేనేమీ మాట్లాడేవాణ్ణి కాదు, ఊరికే ఊపిరి పీల్చేవాణ్ణి. అమ్మ కాసేపు ఊరుకునేది. తర్వాత పరాయివాళ్ళతో అన్నట్టు అనేది, 'ఆ నంబరువారు అన్నం తిని, తలుపు గడియ పెట్టుకుని, లెక్కలు చేసుకుంటూ ఉండవలెను. ఆరున్నరకి కలుపుతాము' అని."

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?" అన్నాను.

"నువ్వు అడగలేదు" అన్నాడు. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వుతున్నాడు.

అత్తయ్యని చేయి పట్టుకుని తీసుకొచ్చి రంగం మీద నిలబెట్టారు. పెద్ద వెలుగులో ఆవిడ ఎటు చూడాలో తెలీక నటి వైపే చూస్తూ నిలబడింది. ఆ పిల్ల వంగి ఆవిడ కర్ర తను పట్టుకుంది.

పదమూడో వారం అతిథిగా అత్తయ్యనే పిలవమన్నది గడియారం గారే. ఎందుకో చెప్పలేదు, నేనూ అడగలేదు. స్టూడియోలో నా ఎదురుగా కూచున్న ఆవిడకి అసలు బెరుకే లేదు. హెడ్‌ఫోను పెట్టగానే చెవుల మీద సర్దుకున్న తీరు చూసి కత్తెర అద్దం అవతల లేచి నిలబడ్డాడు.

"ముప్పై ఒక్క ఏళ్ళు అందరి మాటలూ విన్నారు" అన్నాను. "మీకు ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించలేదా అత్తయ్యా?"

రేడియోలో అత్తయ్యా అన్నానని తర్వాత తెలిసింది. ఆవిడ చాలాసేపు ఊరుకుంది. తర్వాత అంది, "అందరూ వేరేవాళ్ళ నంబరే అడిగేవాళ్ళమ్మాయ్. మేమున్నది అందుకే కదా. నన్నే కావాలని లైనులోకి వచ్చింది నువ్వే. తడిసిన చీరతో."

నా తర్వాతి ప్రశ్న టేపులో లేదు. అది నేను అడగలేకపోయాను. కత్తెర ఆ ఖాళీని కత్తిరించకుండా అలాగే ఉంచాడు, ఎవర్నీ అడగకుండా.

సోమవారం నా బల్ల మీద గడియారం గారి చీటీ ఉంది. మెచ్చుకోలు లేదు, సంతకం కూడా లేదు. 'పద్నాలుగో వారం ఎవరు?' అని మాత్రం ఉంది.

వానలు వెనకబట్టాక అత్తయ్య మా ఇంట్లోనూ ఉండలేదు, వాళ్ళింటికీ వెళ్ళలేదు. నాటకాన్ని తొమ్మిది ఊళ్ళకి తీసుకెళ్తున్నారు, రెండు నెలలు. సంగతి తెలిసి మా ఆయన గదిలో అటూ ఇటూ తిరిగాడు.

"ఊరు కాని ఊరు. తిండి ఎలా ఉంటుందో, మెట్లు ఎలా ఉంటాయో. నేను ఒప్పుకోను."

"నిన్ను అడిగానా?" అంది అత్తయ్య, పెట్టెలో చీరలు సర్దుకుంటూ. "రెండు జతల కళ్ళద్దాలు చేసి పెట్టు. చీకట్లో కాగితం చదవాలి."

ఆ పూటే వెళ్ళి మూడు జతలు చేసి తెచ్చాడు.

బయల్దేరే రోజు పొద్దున్నే నాటకం వాళ్ళ వ్యాను మా వీధిలోకి వచ్చింది. పైన తాళ్ళతో కట్టిన బల్లా కుర్చీలూ, లోపల కిక్కిరిసి మనుషులు. మా ఆయన అత్తయ్య పెట్టె ఎక్కించి, మాత్రల పొట్లం డైరెక్టరమ్మ చేతికిచ్చి, ఏది ఎప్పుడు వేసుకోవాలో మూడోసారి చెప్తున్నాడు. అత్తయ్య గుమ్మం దగ్గర నా భుజం పట్టుకుని నిలబడింది. ఏమైనా చెప్తుందేమోనని చూశాను. నా జుట్టు చెవి వెనక్కి సర్దింది, అంతే.

డ్రైవరు హారన్ కొట్టాడు. ఒకసారి, రెండుసార్లు.

"వస్తున్నానయ్యా" అని వీధంతా వినబడేలా కేకేసింది అత్తయ్య, కర్ర చంకలో పెట్టుకుని మెట్లు దిగుతూ. "ఏం తొందర? నేను లేకుండా మీ నాటకం మొదలవుతుందా?"